పెద్దాయన అప్పగింత

బావ దగ్గర నుంచి ఫోను వచ్చేసరికి క్లచ్ మేడమ్ ఒక పళ్ల డాక్టరుకు రివర్సు నేర్పుతోంది. ఊళ్లో సగం మందికి ఆమె అసలు పేరు తెలియదు. ఇరవై ఆరేళ్లుగా డ్రైవింగు స్కూలు నడుపుతూ, "క్లచ్ మెల్లగా, క్లచ్ మెల్లగా" అని రోజుకు వందసార్లు అనే మనిషికి ఇంకే పేరు మిగులుతుంది? ఫోను మీద ఆ నంబరు చూడగానే ఆమె తన వైపున్న బ్రేకు తొక్కేసింది. డాక్టరు తల వెనక్కి వెళ్లి సీటుకు కొట్టుకుంది.

ఆ నంబరు నుంచి ఫోను రావడం ఆరేళ్లలో అదే మొదటిసారి.

"పెద్దాయన ఉన్నాడా?" అన్నాడు బావ. బాగున్నావా అని కూడా అడగలేదు.

"ఉన్నాడు బావా."

"మీ అక్క తెప్పించమంటోంది. వాడిది కదా, నా దగ్గరే ఉండాలి అంటోంది. ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే..."

"ఎవరో ఎందుకు? నేనే తెస్తాను."

బావ గొంతు తగ్గించాడు. "సరే, దానికి చెప్తాలే," అన్నాడు, చేయకూడని పని ఒప్పుకున్నట్టు.

పెద్దాయన అంటే తాబేలు. కంచమంత ఉంటుంది. మెడ నిండా ముడతలు, ఎవరి మాటా నమ్మని చూపు. పంతొమ్మిదేళ్ల కిందట, అక్క కొడుకుకు ఎనిమిదేళ్లప్పుడు, మురుగుకాలవ పక్కన దొరికిందని బడిసంచిలో వేసుకుని తెచ్చాడు. అక్క గడప తొక్కనివ్వలేదు. "అది లోపలికొస్తే నేను బయటికి పోతా," అంది. వాడు తిన్నగా రెండు వీధుల అవతలున్న పిన్ని ఇంటికి వచ్చి, "పిన్నీ, ఒక పెద్దాయనకి గది కావాలి," అన్నాడు. పెళ్లీ పెటాకులూ లేని పిన్ని ఇంట్లో చోటుకేం తక్కువ? పెరట్లో సిమెంటు తొట్టె కట్టించింది.

వాడు రోజూ సాయంత్రం వచ్చేవాడు. కీర దోసకాయ తరిగి పెడితే రెండు ముక్కలు వాడికి, ఒకటి పెద్దాయనకి. పద్దెనిమిది నిండగానే పిన్ని దగ్గరే కారు నేర్చుకున్నాడు. ఆమె వాణ్ణి తొందరపడనివ్వలేదు. అందరికీ నెల రోజులు నేర్పితే వాడికి మూడు నెలలు నేర్పింది. ఇరవై ఒకటో ఏట, వాన దంచికొడుతున్న ఒక పొద్దున, రైల్వే గేటు మలుపులో వాడు నడుపుతున్న బావ కారు లారీ కిందికి దూసుకుపోయింది.

వాణ్ణి ఇంటికి తీసుకురాకముందే, నలుగురి మధ్యలో, అక్క చెల్లెలి వైపు వేలు చూపించి, "ఇది నేర్పింది," అంది. అంతే. ఇంకో మాట లేదు. నెల తిరగకుండా అక్కాబావలు ఇల్లు ఖాళీ చేసి తొమ్మిది వందల కిలోమీటర్ల అవతలికి వెళ్లిపోయారు. ఇంటి ముందు సామాన్ల లారీ చూసినవాళ్లు వచ్చి చెబితేనే ఆమెకు తెలిసింది.

ఇప్పుడు అక్క పిలిచింది. తాబేలునే అడిగినా, పిలిచినట్టే అనుకుంది ఆమె.

ఉన్నది స్కూలు కారు ఒక్కటే, దాంట్లోనే బయల్దేరింది. ప్లాస్టిక్ టబ్బులో తడి తువ్వాలు పరిచి, పెద్దాయనను పక్క సీట్లో, రోజూ తాను కూర్చునే చోట పెట్టి, బెల్టు బిగించింది. హైవే మీద వెనక బండ్లన్నీ ఎర్ర 'ఎల్' బోర్డు చూసి హారన్లు కొట్టాయి. ఎవరో నేర్చుకునే ఆవిడ దారి తప్పి హైవే ఎక్కిందని వాళ్ల భయం. టోల్ గేటు దగ్గర పక్కన ఆగిన లారీ డ్రైవరు కిందికి తొంగి చూసి, "మేడమ్, మీ గురువుగారు నిద్రపోతున్నట్టున్నారు," అన్నాడు.

"ఆయనకి నా మీద నమ్మకం," అంది ఆమె. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

రెండు గంటలకోసారి ఆగి, స్పాంజితో పెద్దాయన వీపు తడిపింది. ఏసీ ఆయనకు పడదు. అద్దాలు దించి, దుమ్ము తింటూ నడిపింది. మధ్యాహ్నం దాటాక రోడ్డు మీద వాన పడింది. వైపర్లు అటూ ఇటూ ఊగుతుంటే, ఆరేళ్లుగా ఎవరికీ చెప్పని మాట మళ్లీ గుర్తొచ్చింది.

ఆ పొద్దున వాడు ఆమెకు ఫోను చేశాడు. "పిన్నీ, వైపర్లు పనిచేయట్లేదు. అమ్మేమో పార్సిలు ఆఫీసు నుంచి బట్టల మూటలు తెమ్మంటోంది. వెళ్లనా?"

"వద్దు. ఆటోలో తెప్పించుకోమను. నేను వద్దన్నానని చెప్పు."

అక్క బడిపిల్లల యూనిఫారాలు కుట్టిస్తుంది. ఆ మూటలు ఒక రోజు ఆలస్యమైతే కొంపలేం మునగవు. ఆ మాట వాడు తల్లికి చెప్పాడో లేదో ఆమెకు తెలియదు. చెప్పలేదేమో. ఫోను సంగతి బయటపెడితే, వైపర్లు లేని కారులో వాణ్ణి తానే పంపానని అక్క కుమిలి చస్తుందని భయపడి, నింద తన నెత్తిన వేసుకుని ఊరుకుంది. ఇప్పుడూ చెప్పకూడదనే అనుకుంది. అక్క భుజం మీద చెయ్యి వేయనిస్తే చాలు.

సాయంత్రం ఒక లాడ్జిలో గది అడిగింది. కౌంటరు దగ్గరున్నతను టబ్బులోకి తొంగి చూశాడు.

"అరుస్తుందా?"

"పంతొమ్మిదేళ్లలో ఒక్క మాట అనలేదు."

"మా ఇంట్లో వాళ్లూ అలా ఉంటే ఎంత బాగుండు," అని తాళం చేతిలో పెట్టాడు.

ఇంట్లోవాళ్లు మాట్లాడకపోతే ఎలా ఉంటుందో ఇతనికి తెలియదు, అనుకుంది ఆమె మెట్లెక్కుతూ.

మర్నాడు మూడు గంటలకు చేరింది. మూడో అంతస్తు. బావ తలుపు తీశాడు. సగానికి సగం తగ్గిపోయాడు మనిషి. టబ్బు అందుకుని దారిచ్చాడు. హాలు నిండా కత్తిరించిన నీలం బట్ట, రెండు కుట్టుమిషన్లు. అక్క మెడలో కొలత టేపుతో నిలబడి ఉంది. చెల్లెలి మొహం వైపు చూడకుండా వంగి, టేపు తీసి తాబేలు డిప్ప పొడవూ వెడల్పూ కొలిచింది.

"సరిపోతుంది," అంది బావతో. బాల్కనీలో కొత్త గాజు తొట్టె ఉంది.

తర్వాత, "కూర్చో," అంది. ఆరేళ్లకు మొదటి మాట. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

అక్క నోటుబుక్కు తెరిచింది. "ఏం తింటుంది?"

"ఆకుకూరలు, కీర దోసకాయ. వారానికోసారి చిన్న చేప."

"నీళ్లు?"

"రోజు విడిచి రోజు మార్చాలి."

"ఎండ?"

"పొద్దున రెండు గంటలు చాలు."

అన్నీ రాసుకుంది, గిరాకీ కొలతలు రాసుకున్నట్టే. బావ టీ తేవడానికి లోపలికి వెళ్లాడు. అక్క ఒకసారి చదువుకుని, "ఇంకేం లేదుగా? పొద్దు ఉండగానే బయల్దేరితే నీకే మంచిది," అంది.

రెండు రోజులుగా బిగబట్టుకున్నది అప్పుడు తెగిపోయింది.

"అక్కా, ఆ రోజు వాడు నాకు ఫోను చేశాడు."

అక్క పెన్నుకు మూత పెట్టింది. "తెలుసు."

"వైపర్లు లేవన్నాడు. వెళ్లొద్దన్నాను."

"అదీ తెలుసు. గుమ్మంలో నిలబడి 'పిన్ని వద్దంది' అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నిన్ను కన్నది నేనా, మీ పిన్నా అన్నాను. మారు మాట్లాడకుండా తాళాలు తీసుకుని పోయాడు." ఎవరి ఇంట్లోనో జరిగింది చెబుతున్నట్టుంది ఆ గొంతు.

వంటింటి గుమ్మంలో బావ టీ ట్రేతో అలాగే నిలబడిపోయాడు. ఆయన కూడా ఇది ఇప్పుడే వింటున్నాడని ఆమెకు అర్థమైంది.

"అంతా తెలిసి, నలుగురిలో నన్ను అన్నావా?"

"మరెవర్ని అనను? నన్ను నేను అనుకుంటే తెల్లారేదాకా బతికేదాన్నా? నువ్వైతే మోస్తావు. చిన్నప్పటి నుంచీ నువ్వు మోసే రకమే."

"ఆరేళ్లక్కా."

"నీ మొహం చూస్తే నాకు వాడి మాటే వినిపిస్తుంది. పిన్ని వద్దంది, పిన్ని వద్దంది అని. ఇప్పుడూ వినిపిస్తోంది." అక్క మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. "తప్పు నీదై ఉంటే నిన్నెప్పుడో క్షమించేదాన్ని."

ఆమె లేచింది. నేరుగా వెళ్లి టబ్బు రెండు చేతులతో ఎత్తింది.

అక్క వచ్చి అవతలి అంచు పట్టుకుంది. "అది వాడిది."

"నువ్వు గడప తొక్కనివ్వలేదు."

"అందుకే," అంది అక్క.

ఇద్దరూ యాభై దాటిన ఆడవాళ్లు, చెరోవైపు లాగారు. పెద్దాయన తలా కాళ్లూ లోపలికి లాక్కున్నాడు. తడి తువ్వాలు జారి నీలం బట్ట మీద పడింది. అక్క వేళ్లు తెల్లగా పాలిపోయాయి. అవి వదిలే వేళ్లు కావు. చివరికి వదిలింది చెల్లెలే. వదిలాక, ఇప్పుడు కూడా నేనేనా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

బావ కారు దాకా దిగి వచ్చాడు. "నాకు తెలియదు," అన్నాడు.

"చూశాను బావా."

"ఇప్పుడు మీ అక్కతో ఎలా ఉండమంటావు నన్ను?"

"నాకేం తెలుసు? నేను కారు నడపడం ఒక్కటే నేర్పుతాను." అలా అని ఉండాల్సింది కాదని నాలుగు వీధులు దాటాక తోచింది, కానీ వెనక్కి తిప్పలేదు.

ఇంటికొచ్చి మళ్లీ పనిలో పడింది. పళ్ల డాక్టరుకు లైసెన్సు వచ్చింది. ఆదివారాలు బావ ఫోను చేసేవాడు: తినట్లేదట, డిప్ప మీద తెల్ల మచ్చ వచ్చిందట. వెనక నుంచి అక్క గొంతు వినిపించేది, "నీళ్లు మరీ చల్లగా ఉన్నాయేమో అడుగు." ఆమె జవాబు కాస్త గట్టిగా చెప్పేది, అటు వినపడాలని. మూడు నెలలు గడిచాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. బావ పెట్టె సర్దుకుని తన తమ్ముడి ఇంటికి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది.

రెండు ఆదివారాలు చూసి, ఆమే అక్కకు ఫోను చేసింది. చాలాసేపు మోగింది. ఎత్తారు. కుట్టుమిషను చప్పుడు వినిపించి, ఆగింది.

"చలికాలం వస్తోంది," అంది ఆమె. "తొట్టె ఎండ తగిలేచోటికి జరుపు. తిండి తగ్గిస్తాడు, కంగారు పడకు."

అవతల పేజీ తిప్పిన శబ్దం, పెన్ను గీకిన శబ్దం. ఆమె ఆగింది. ఫోను కట్టయింది.