మణికట్టుకు కట్టుకున్న పోగు

నేను పెళ్ళాన్ని కొట్టే మనిషినని మా గల్లీ అంతా చెప్పుకుంటోంది. చెప్పుకోనీ. కుండకు మూత పెట్టగలం గానీ లోకం నోటికి పెట్టగలమా? ముప్పై నాలుగేళ్ళ కాపురంలో మాలతి మీద నోరెత్తాను, కాదనను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. చెయ్యి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. అయినా మొన్న ఆగస్టులో ఒక తెల్లవారుజామున నా పిడికిలి తగిలి ఆమె ముందరి పన్ను కదిలిపోయింది. కళ్ళు తెరిచేసరికి ఆమె కొంగు నోటికి అదుముకుని గోడవారన కూర్చుని ఉంది.

"ఎవడు కొట్టిండే?" అని అడిగాను. ఆమె నా పిడికిలి వంక చూసింది.

నా పేరు జానయ్య. పోచంపల్లి పక్క పల్లెలో ఇరవై ఏళ్ళు మగ్గం నేసి, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా కుదిరాను. ఎల్బీనగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. ఒక్కగానొక్క బిడ్డ షోలాపూర్‌లో కాపురం చేసుకుంటోంది. మగ్గం వదిలినా మగ్గం నన్ను వదల్లేదు. ఎప్పుడూ ఒకటే కల వస్తుంది. మా వీధిలో పడుగు సాగదీసి గంజి పెడుతుంటాం. ఈ చివర నుంచి ఆ చివర దాకా నూలు పోగులు కర్రల మీద పరిచి ఉంటాయి. ఎక్కడి నుంచో ఒక బర్రె వచ్చి అందులో పడుతుంది. నెల కష్టం దాని కాళ్ళ కింద! నేను అరుస్తాను, తంతాను, గుద్దుతాను. పొద్దున్నే చాయ్ తాగుతూ, "గీ దినం సుత బర్రెను ఎల్లగొట్టిన" అని మాలతికి గొప్పగా చెప్పేవాణ్ణి. ఆమె గిన్నెలు కడుక్కుంటూ వినేది. ఆ బర్రె ఎవరో నాకు తెలియదు కదా.

పక్కింటి అమ్మాజీగారు భీమవరం ఆవిడ. మాలతి వాచిన మూతి చూసి గుమ్మంలోనే నన్ను కడిగిపారేసింది. "ఏమండీ, బుద్ధి లేదా? ఈ వయసులో ఆడమనిషి మీద చెయ్యి చేసుకుంటారా?" అంది. నేను కూడా ఏదో పెద్దగా అరిచాను. అరిచినందుకే ఆమెకు అనుమానం తీరిపోయి ఉంటుంది.

ఆ సాయంత్రం మాలతి సంచి సర్దుకుంది. అల్మాస్‌గూడలో వాళ్ళ చెల్లెలు అరుణమ్మ ఉంటుంది. "నన్ను ఇడిసిపెట్టి పోతున్నవా?" అని అడిగాను.

"ఇడిసిపెట్టి పోతలేను. పండుకోనీకి పోతున్న," అంది. "మంచిగ పండుకోక ఆరేండ్లయితుంది."

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థమైంది డాక్టరమ్మ దగ్గర. దిల్‌సుఖ్‌నగర్‌లో నరాల డాక్టరు సూర్యప్రభ గారి దగ్గరికి మాలతే నన్ను రమ్మని కబురు పంపింది. నిద్రలో ఏం చేస్తారని డాక్టరమ్మ నన్ను అడిగింది. నిద్రలో మనిషిని అడిగితే ఏం చెప్తాడు?

"ఆయనకేం ఎరుకమ్మా, నన్నడుగు," అంది మాలతి. "ఆరేండ్ల సంది గిదే. ఆదరబాదర లేస్తడు, తంతడు, హో హో అని బర్రెను కొడ్తడు. నేను ఎన్కకు జరిగి, 'బర్రె పోయిందయ్యా, పడుగుకేం కాలే, పండుకో' అంట. అంటే ఊకుంటడు. మొన్న నాకు జరంత నిద్ర పట్టింది. గందుకే తగిలింది."

ఆరేళ్ళుగా నేను కలలో కొట్లాడుతుంటే, చీకట్లో కూర్చుని నాకు జవాబు చెప్తున్న మనిషి ఒకతి ఉందన్నమాట. అంతకు ముందు తగిలిన చిన్నచిన్న దెబ్బలు కనబడకుండా జాకెట్ చేతులు మోచేతి దాకా కుట్టించుకుందట. చీరలు అమ్మే వాణ్ణి, ఆ జాకెట్ చేతులు నా కంట పడలేదు.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "కలలొచ్చే నిద్రలో మన ఒళ్ళు కదలకుండా మెదడు పట్టి ఉంచుతుందండీ. మీలో ఆ పట్టు సడలింది. అందుకని కలలో ఏం చేస్తే ఒంటితోనూ అదే చేస్తున్నారు. ఇది మీ కోపం కాదు, దెయ్యం కాదు. జబ్బు." గురక జబ్బు కూడా ఒక్కోసారి ఇలాగే కనబడుతుందని, ఒక రాత్రి తలకు, కాళ్ళకు వైర్లు తగిలించి పరీక్ష చేయించింది; అది కాదని తేలింది. బిళ్ళలు రాసింది. కల్లు, మందు ముట్టవద్దంది. మంచం తీసేసి నేల మీద పరుపు వెయ్యమంది, పక్కన గాజువి, ఇనుపవి ఉంచవద్దంది. కొందరిలో ఇది ముందు ముందు చేతులు వణికే జబ్బుకు తొలి గుర్తు అవుతుందట, అందుకని ఏటేటా చూపించుకోవాలంది. మూడు వారాలు వరసగా ఒక్క రాత్రి కూడా గోల లేకుండా గడిస్తేనే మాలతి నేను పడుకునే గదిలోకి రావాలని, అదీ వేరే పక్క మీదేనని గట్టిగా చెప్పింది.

"గోల చేసినట్టు మీకు తెలియదు. చూసి చెప్పే మనిషి ఇంట్లో ఎవరున్నారు?" అంది.

ఎవరున్నారు? అప్పుడు నాకు నేతవాడి ఆలోచన తట్టింది. "మణికట్టుకు సన్న పోగు కట్టుకుంట డాక్టరమ్మా. జానెడు వదులుగ కిటికీ ఊచకు కడ్త. తెగితే కొట్టినట్టు, తెగకుంటే పండుకున్నట్టు."

ఆమె నవ్వింది. "బాగుందండీ. ఇట్టే తెగిపోయే దారమే కట్టండి. తెగితే మాత్రం నా దగ్గర దాచకండి. మందు మార్చాలంటే నాకు తెలియాలి."

సెప్టెంబరు ఎనిమిది రాత్రి నుంచి లెక్క మొదలుపెట్టాను. పొద్దున లేవగానే పోగు విప్పి, క్యాలెండర్‌లో ఆ తారీఖు గడి మీద చుట్టలా పెట్టి గుండుసూదితో గుచ్చేవాణ్ణి. ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, దుకాణం షట్టర్ సగం కిందికే ఉండేది. పొద్దంతా ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేక చౌరస్తాలో ధర్నా టెంట్ కిందికి పోయి కూర్చునేవాణ్ణి. జై తెలంగాణ అని నలుగురితో పాటు గొంతు కలిపేవాణ్ణి. మధ్యాహ్నం ఎండకు అందరూ జంపఖానా మీదే ఒరిగి నిద్రపోయేవాళ్ళు. నేను మాత్రం గుంజకు ఆనుకుని కళ్ళు నులుముకుంటూ కూర్చునేవాణ్ణి. పక్కవాడి పన్ను రాలగొడితే? అంతమంది మధ్యలో కూర్చుని అంత ఒంటరితనం నేనెన్నడూ పడలేదు. ఇంటికొస్తే ఒక్క కంచం, ఒక్క గ్లాసు. నా అరుపు వినడానికి కూడా మనిషి లేదు.

పదహారు రాత్రులు పోగు తెగలేదు. ఇరవై అయిదో తారీఖు పొద్దున లేచి చూస్తే, ఒక ముక్క నా మణికట్టుకు, ఒక ముక్క కిటికీకి వేలాడుతున్నాయి.

మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాలి. వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మ పూల గురించి మాట్లాడుకుంటున్నారు. సద్దుల బతుకమ్మకు ఇంట్లో మాలతి లేకుండా నేనెట్ల ఉండాలి? రెండు కొసలు కలిపి, వేళ్ళ మధ్య పురి తిప్పి అతికాను. మంచి నేతగాడి అతుకు ముడిలా ఉబ్బదు, కంటికి ఆనదు. చుట్టి, ఇరవై అయిదు మీద గుచ్చాను.

ఇరవై తొమ్మిదిన క్యాలెండర్ కాగితం చుట్టుకుని అల్మాస్‌గూడ బయలుదేరాను. సగం దూరం షేర్ ఆటో, మిగతాది కాలినడక. మాలతి కొంచెం ఒళ్ళు చేసింది, కళ్ళ కింద నలుపు పోయింది. నిద్ర అంత పని చేస్తుందని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. అది చూసి సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది.

"ఇరవై ఒక్క రాత్రులు. ఒక్కటి తెగలే. ఇంటికి పోదాం పా," అన్నాను.

ఆమె కాగితం ఒళ్ళో పరుచుకుంది. ఒక్కొక్క పోగూ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జార్చి చూడసాగింది. చిన్నప్పటి నుంచి మేకుల చుట్టూ పోగు తిప్పుతూ ఆసు పోసిన చెయ్యి అది. రోజుకు వేల మాట్లు పోగు ఆ వేళ్ళ మీదుగా పోయేది. నా కంటికి ఆనని అతుకు ఆ వేళ్ళకు ఆనకుండా ఉంటుందా? ఇరవై అయిదు దగ్గర వేలు ఆగింది. వెనక్కి జార్చింది, మళ్ళీ ముందుకు జార్చింది.

"గీడ ఏంది?"

నేను తలవంచుకున్నాను.

"నిద్రల కొట్టింది నీకు ఎరుక లేదు," అంది మాలతి. "గా అమ్మాజీకి గదే చెప్పిన, మా చెల్లెకు గదే చెప్పిన. ఆయన మంచోడు, ఆయనకు ఎరుకలేకనే అని. మరి గీ అతుకు? గిది తెలివి ఉండంగనే ఏసినవు కదా."

అరుణమ్మ చాయ్ తెచ్చింది. తాగకుండానే లేచి వచ్చేశాను. మాలతి వెనక్కి పిలవలేదు.

నడుచుకుంటూనే ఇల్లు చేరాను. బిళ్ళ వేసుకుని కొత్త పోగు కట్టుకుని పడుకున్నాను. పొద్దున లేచేసరికి పోగు తెగి ఉంది. క్యాలెండర్ వంక చూడలేదు. ఫోన్ తీసి మాలతికి చేశాను.

"మాలతీ, తెగింది."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"బర్రె వచ్చిందా?" అంది.

"యాదికి లేదు."

"అతుకలే కదా?"

"అతుకలే. రెండు తునకలు చేతులనే ఉన్నయి."

"గవి జేబుల ఏసుకొని డాక్టరమ్మ కాడికి పా. నీకు చెప్పనీకి రాదు, నేనొచ్చి చెప్త."