రెండు జవాబులు

సినిమా పనివాళ్లు సంసారం ఎలా నడుపుకొస్తారన్నది ఎకనామిక్స్ లెక్చరర్ విశాలాక్షి పరిశోధన. షూటింగులు ఆగినప్పుడు ఏ ఖర్చు మానాలో ఎవరు నిర్ణయిస్తారు? భార్యాభర్తలను విడివిడిగా అడుగుతానంటే, 1986లో ఆమె గైడు గోపాలకృష్ణ ఒప్పుకోలేదు.

"ఇంటి పెద్దను అడిగితే చాలదా? గిట్ల అడిగితే కొట్లాటలైతయమ్మా!"

"ఒక్కరినే అడిగితే సగం సంసారమే తెలుస్తుందండీ," అంది విశాలాక్షి.

పట్టు వదలకుండా ఏళ్ల తరబడి ఫిలింనగర్ గుట్టల మీది బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగింది. లైట్‌మన్ త్రినాథరావు నిర్ణయాలన్నీ తనవేనన్నాడు. వంటింట్లో అతని భార్య లీలాకుమారి గొంతు తగ్గించి, "ఆయన్ని అలాగే అనుకోనివ్వండి. షూటింగులు లేనప్పుడు చిట్టీ పాడి పిల్లల ఫీజులు కట్టింది నేనే," అంది. చాలా ఇళ్లలో ఇలాగే రెండు జవాబులు వచ్చాయి. భార్య మాట చెల్లిన ఇళ్లలోనే పిల్లల చదువులు ఎక్కువగా ఆగకుండా సాగాయని విశాలాక్షి తేల్చింది.

1994లో జూబ్లీహిల్స్‌లో జరిగిన సదస్సులో ఆమె ప్రసంగం ముగియగానే, చప్పట్ల మధ్య, అప్పటికి డిపార్ట్‌మెంట్ హెడ్ అయిన గోపాలకృష్ణ మైకు అందుకున్నారు.

"ఆమె గెలిచింది, నేను ఓడిన. వచ్చే ఏడు నుంచి మా డిపార్ట్‌మెంట్‌ల గీ పద్ధతే చెప్తం. చెప్పేది ప్రొఫెసర్ విశాలాక్షి!"

తన పేరు ముందు ఆ మాట మొదటిసారి విన్న విశాలాక్షి, వేదిక మీదున్నానన్నది కూడా మరిచి పకపకా నవ్వేసింది.