గడువు దాటిన పచ్చ ప్యాకెట్

తల తెగిన స్క్రూ ఒకటి ఫాంగ్ సూ-యీ బల్ల మీద పది రోజులుగా పడి ఉంది. చిటికెన వేలంత పొడవు, వెండిలాంటి మెరుపు, ఎక్కడా తుప్పు మచ్చ లేదు. జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో చక్రాల కుర్చీకి బిగించిన స్క్రూ అది. బిగించిన మూడో వారంలో, ఎవరూ ముట్టుకోకుండానే తల ఊడిపోయింది. కుర్చీ పక్కకి ఒరిగింది. అందులో కూర్చున్న ఎనభై రెండేళ్ల ఆవిడకి తుంటి ఎముక విరిగింది.

ఫ్యాక్టరీ యజమాని యేన్ గారు ఆ స్క్రూని వేలితో ఒకసారి దొర్లించి వదిలేశాడు.

"సరఫరా గొలుసంతా తిరిగి చూడమని పది రోజులు టైమిచ్చాను. తీగ లాగేచోటి నుంచి డబ్బాలో పడేదాకా. అయిందా?"

"ఒక్కచోటు మిగిలింది."

"ఏది?"

"పూత వేసేచోటు."

"స్క్రూ తల దానంతటది ఊడితే, స్క్రూల మీదే బతికే మన గాంగ్‌షాన్‌లో చిన్నపిల్లాడైనా ముందు పూత షెడ్డుకే పరిగెడతాడు. నువ్వేమో చివర్న వెళ్తున్నావు." యేన్ గారు గడియారం చూసుకున్నాడు. ఒకటిన్నర. "నాలుగింటికి ఒసాకా వాళ్లు ఫోన్‌లో ఉంటారు. ఐదింటికి రేవులో మన కంటైనర్ ఓడ ఎక్కుతుంది. ఆలోపు ఈ కాయితంలో 'మూలం' అన్న గడిలో ఒక పేరుండాలి. ఒక్కటే పేరు. కథలు వద్దు సూ-యీ."

ఆమె తలూపి స్కూటర్ తాళాలు తీసుకుంది.

నాణ్యత చూసే పనిలో ఆమెకిది పంతొమ్మిదో ఏడు. ఈ పది రోజుల్లో తీగ లాగేవాళ్లని రెండు రోజులు వేధించింది. వేడిచేసి గట్టిపరిచే కొలిమి దగ్గర నాలుగు రోజులు నిలబడి నూనె ఎంత వేడిగా ఉందో గంటగంటకీ రాసుకుంది. ఎక్కడా ఏ తప్పూ దొరకలేదు. దొరకదని ఆమెకి ముందే తెలుసు. తెలిసీ తిరిగింది. తిరుగుతున్నంతసేపూ ఆ పూత షెడ్డుకి వెళ్లే పని వాయిదా పడుతుంది కాబట్టి తిరిగింది.

యాసిడ్‌లో కడిగి జింకు పూత వేసేటప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ వాయువు దూరుతుంది. నాలుగు గంటల్లోపు ఓవెన్‌లో పెట్టి, ఎనిమిది గంటలు కాల్చి దాన్ని బయటికి తోలాలి. తోలకపోతే స్క్రూ పైకి చక్కగానే ఉంటుంది. లోపల మాత్రం పెళుసెక్కుతుంది. వెయ్యింట్లో ఒకటి విరగొచ్చు, పదివేలల్లో ఒకటి విరగొచ్చు. ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

కువో షుయ్-థ్యెన్ నడిపే పూత షెడ్డు ముందు బల్ల వేసి పళ్లు, బిస్కెట్లు, కూల్‌డ్రింకు డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఆ రోజు చాంద్రమాసంలో పదహారో తేదీ, వ్యాపారులు దేవుడికి నైవేద్యం పెట్టే రోజు. షుయ్-థ్యెన్ భార్య ఛియూ-లాన్ రేకు డబ్బాలో దేవుడికి చేరాల్సిన బంగారు కాయితాలు ఒక్కొక్కటే వేసి కాలుస్తోంది. పైన వైమానిక దళం శిక్షణ విమానం చెవులు గింగురుమనేలా తిరుగుతోంది.

"రా మేనేజరమ్మా," అంది ఛియూ-లాన్. "సరిగ్గా పళ్ల వేళకే వచ్చావు. దేవుడు తిన్నాక నీకే."

"అన్న ఎక్కడ వదినా?"

"లోపల. పది రోజుల్నుంచి రోజూ వాకిలి చూస్తున్నాడు, నువ్వొస్తావని. రాకపోతే అదోలా ఉన్నాడు. వస్తే ఇంకోలా ఉంటాడు, చూడు."

లోపల ప్రతి యంత్రం నెత్తిన పచ్చ రంగు చిరుతిళ్ల ప్యాకెట్ ఒకటి కూర్చుని ఉంది. యంత్రం మొండికెయ్యకుండా మాట వినాలంటే అది ఉండాల్సిందే. పచ్చదే ఉండాలి. గడువు దాటనిదే ఉండాలి. దాటితే యంత్రానికి కోపమొస్తుంది. అందుకే పనివాళ్లు జీతం రోజు మరిచిపోయినా ప్యాకెట్ తేదీ మరవరు. తొట్ల దగ్గరా, మోటార్ల దగ్గరా, చివరికి నీళ్ల పంపు మీదా కొత్త ప్యాకెట్లే.

సూ-యీ షెడ్డు చివరికి నడిచింది. ఓవెన్ తలుపుకి అడ్డంగా ఖాళీ అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. దాని నెత్తినా ప్యాకెట్ ఉంది. దుమ్ము పట్టి రంగు వెలిసింది. ఆమె దించి తుడిచింది. నల్ల మార్కర్‌తో తన చేతిరాత బయటపడింది: "బుద్ధిగా నడువు. ఫాంగ్." కొత్త సంవత్సరం సెలవులయ్యాక షెడ్డు తెరిచిన రోజున తనే తెచ్చి పెట్టింది. మేక మాంసం కుండ చుట్టూ కూర్చుని అందరూ నవ్వుకున్న రోజు అది. గడువు సెప్టెంబరు. ఇప్పుడు నవంబరు.

వెనక అడుగుల చప్పుడైంది. షుయ్-థ్యెన్ రబ్బరు బూట్లతో వచ్చి నిలబడ్డాడు. అరవై మూడేళ్ల మనిషి. వేళ్ల గోళ్లు యాసిడ్‌కి పసుపుపచ్చగా మారాయి.

"ఎప్పుడు ఆపారన్నా?"

"ఏప్రిల్‌లో సమాధులు ఊడ్చే పండగ అయ్యాక." అతను పెట్టెల మీద చెయ్యి ఆనించాడు. "మూడు రోజుల పని రెండు రోజుల్లో కావాలన్నావు. పూతకి ఒక రోజు, కాల్చడానికి ఒక రోజు, ఆరబెట్టి సర్దడానికి ఒక రోజు. ఇందులో ఏ రోజు తీసెయ్యమంటావని అడిగాను. 'అది మీ షెడ్డు, మీరే చూసుకోండి' అన్నావు. చూసుకున్నాను."

"కాయితాల్లో రోజూ కాల్చినట్టే ఉంది."

ఈలోపు లోపలికొచ్చిన ఛియూ-లాన్ అందుకుంది. గొంతులో కోపం లేదు, పాత సంగతి గుర్తుచేస్తున్నట్టు చెప్పింది.

"అదేంటమ్మా. జూన్‌లో నువ్వే కదా ఫోన్ చేశావు. వదినా, వేడి గ్రాఫులో మూడో గంట దగ్గర ఒకే గతుకు ప్రతిసారీ వస్తోంది, కాస్త మార్చి పంపు అన్నావు. ఆ రోజు నుంచి నాలుగు రకాల పాత గ్రాఫులు దగ్గర పెట్టుకుని వంతులవారీగా పంపుతున్నా."

సూ-యీ ప్యాకెట్‌ని పట్టుకున్న చెయ్యి దించలేదు. ఆ ఫోన్ కాల్ ఆమె మరిచిపోలేదు. మరిచిపోయినట్టు నటించడం అలవాటైపోయి, అది నిజంగా జరగలేదేమో అనుకునేంతవరకూ వచ్చింది. ఆ కాయితాలు ఒక్కొక్కటీ తన బల్ల మీదకి వచ్చాయి. ఒక్కొక్కదాని మీదా తన ఎర్ర ముద్ర పడింది.

షుయ్-థ్యెన్ స్టూలు లాగి ఆమె ముందు పెట్టాడు.

"ఒక్క లాటు, ఒక్క విడత సరుకే చెడింది అని రాయి. ఆ రోజు కరెంటు పోయింది, ఓవెన్ ఆగింది, కువో చూసుకోలేదు అని రాయి. నేను సంతకం పెడతా. మీవాళ్లు నన్ను ఆర్నెల్లు పక్కన పెడతారు. ఓవెన్ రేపే వెలిగిస్తా. తర్వాత నువ్వే పిలుస్తావు."

"పిలవకపోతే?"

"అప్పుడు పడుకుంటా. నలభై ఏళ్లయింది పడుకుని." అతను నవ్వబోయాడు. "నీకు ముద్రలు కొట్టడానికి ఇంకా పదేళ్ల సర్వీసుంది."

ఆమె కూర్చుంది. కాయితం మోకాలి మీద పెట్టుకుంది. 'మూలం' గడిలో 'కువో' అని రాసింది. 'కరెంటు కోత' అని రాయడానికి కలం ఆనించింది. ఒక్క లాటయితే ఒసాకా వాళ్లు ఆ ఒక్క లాటే వెనక్కి పిలుస్తారు. ఏప్రిల్ నుంచి వెళ్లిన మిగతావన్నీ కుర్చీల్లోనే ఉండిపోతాయి. రేవులో ఉన్నవీ సాయంత్రం బయల్దేరతాయి.

ఫిర్యాదుతో పాటు ఒసాకా వాళ్లు పంపిన ఫోటో ఫైల్లో ఉంది. అందులో మనిషి లేదు. ఒరిగిపోయిన కుర్చీ, దాని వీపుకి ఊలుతో అల్లిన తొడుగు, నేల మీద ఒక్క చెప్పు. పది రోజుల్లో ఆమె ఆ ఫోటోని ఎప్పుడూ బోర్లాపెట్టే ఉంచింది.

కలం మూత పెట్టి ఫోన్ తీసింది. రేవు దగ్గర సరుకు ఎక్కించే ఏజెంటు ఎత్తాడు.

"మా కంటైనర్ ఆపండి. ఓడ ఎక్కించొద్దు."

"మేడం, సీలు పడిపోయింది. యేన్ గారికి తెలుసా?"

"ఇంకో గంటలో తెలుస్తుంది."

"ఆ గంటయ్యాక నన్ను తిడితే?"

"నా పేరు చెప్పు. కాయితం మీద కూడా నా పేరే రాసుకో."

షుయ్-థ్యెన్ పెట్టెల మీద కూలబడ్డాడు. "షెడ్డు పోతుందమ్మా," అన్నాడు మెల్లగా. "ఎనిమిది మంది ఉన్నారు ఇక్కడ."

"తెలుసన్నా." ఇంకేమైనా అందామని నోరు తెరిచింది. ఏమన్నా తనకి ఓదార్పే తప్ప అతనికి కాదు. ప్యాకెట్ సంచిలో వేసుకుని బయటికి నడిచింది. ఛియూ-లాన్ ఆమెకోసం తీసిపెట్టిన జామపండు బల్ల అంచునే ఉండిపోయింది.

నాలుగింటికి మీటింగ్ గదిలో స్పీకర్ ఫోన్ మోగింది. ఒసాకా కంపెనీ కొనుగోళ్ల అధికారి కుజె గారు. ఇరవయ్యేళ్లు తైపేలో ఉన్నవాడు, చైనీసు బాగా వచ్చు. యేన్ గారు కుశల ప్రశ్నలు మొదలుపెట్టేలోపే సూ-యీ పచ్చ ప్యాకెట్ తీసి బల్ల మధ్యన పెట్టింది. తేదీ ఉన్న వైపు యజమానికి కనబడేలా తిప్పింది.

"ఇది ఓవెన్ మీదిది," అంది.

యేన్ గారు తేదీ చదివాడు. ఆయనా ఈ ఊరివాడే, నడిచే యంత్రం మీద ప్యాకెట్ గడువు ఎవరూ దాటనివ్వరని వేరే చెప్పనక్కర్లేదు. ముఖంలో రంగు మారింది. ఫోన్ నోరు నొక్కడానికి చెయ్యి చాపాడు. సూ-యీ ఫోన్‌ని తనవైపు లాక్కుంది.

"కుజె గారూ, ఒక్క లాటు కాదు. ఏప్రిల్ రెండో వారం నుంచి వచ్చిన లాట్లేవీ కాల్చలేదు. ఇవాళ్టి కంటైనర్ ఆపేశాను."

"మూలం?" అన్నాడు కుజె గారు.

దారిలో స్కూటర్ మీద ఆ గడి గురించే ఆలోచించింది. ఒసాకా వాళ్లు ఒక రోజు ముందు కావాలన్నారు. యేన్ గారు సరేనన్నాడు. తను ఆ రోజుని కిందికి తోసింది. కువోకి తోయడానికి కింద ఎవరూ లేక ఓవెన్ ఆపేశాడు. నలుగురి పేర్లూ రాయొచ్చు, రాస్తే అబద్ధమూ కాదు. కానీ నలుగురికీ పంచితే తన వాటా తేలికవుతుందన్న ఆశ ఆ ఆలోచన అడుగున కదలడం ఆమెకే కనబడింది. ఆఫీసు చేరగానే మొదట రాసిన 'కువో'ని కొట్టేసింది.

"నేను," అంది. "రోజు తగ్గించమన్నది నేను. కాయితాలు దొంగవని జూన్‌లోనే కనిపెట్టాను. ఆపించలేదు. ఇంకొంచెం బాగా చెయ్యమన్నాను. పైవాళ్ల సంగతులు, కిందివాళ్ల సంగతులు వేరే పేజీలో రాశాను. ఈ గడిలో మాత్రం నా పేరే ఉంది."

ఫోన్‌లో కొత్త కాయితం తిప్పిన చప్పుడైంది.

"ఎన్ని?" అన్నాడు కుజె గారు.

"నాలుగు లక్షల పద్నాలుగు వేలు."

"ఏయే కుర్చీల్లో ఉన్నాయో మేం వెతకాలి. లాటు నంబర్లు చదవండి. రాసుకుంటాను."

ఆమె ఫైలు తెరిచింది. యేన్ గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

"నీ రాజీనామా రేపు తీసుకుంటాను," అన్నాడు. "ఇవాళ చదువు."

ఆమె చదవసాగింది. తేదీ, లాటు నంబరు, డబ్బాల సంఖ్య. ప్రతి పేజీ కింద ఎర్ర ముద్ర. ఫోన్ అవతల కలం గీసుకుంటున్న చప్పుడు. ఏప్రిల్ అయింది, మే అయింది. జూన్‌లో మూడో కాయితం దగ్గర ఆగింది. అందులో గ్రాఫు గీత నున్నగా, అందంగా ఉంది. గతుకు లేదు.

"ఏమైంది?" అన్నాడు కుజె గారు.

"ఇది నేను మార్చి పంపమన్నాక వచ్చిన మొదటిది."

కలం చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

"నంబరు చెప్పండి," అన్నాడు ఆయన.