గూస్ వాగులో ఎత్తిన చెయ్యి

సెప్టెంబరు చివరికి వచ్చేసరికి టాలివా రిజర్వాయరులో చేపలు ఎవరి మాటా వినవు. ఎండాకాలమంతా నీటి అడుగున ఉండే లోతు గట్ల మీద గుంపుగా ఉన్న బాస్ చేపలు రాత్రుళ్లు కాస్త చల్లబడగానే చెదిరిపోతాయి. షాడ్ అనే వెండిరంగు చిరుచేపలు వాగుల్లోకి ఎగబాకుతాయి. వాటి వెంట కొన్ని బాస్‌లు పోతాయి, కొన్ని పోవు. నిన్న దొరికిన చోట ఇవాళ ఒక్కటీ ఉండదు. అలబామాలో ఆ చుట్టుపక్కల గాలం వేసే ప్రతివాడూ ఆ వారాలను తిట్టుకుంటూనే పడవ దింపుతాడు.

వెండెల్ స్టెగాల్ కూడా ఆ శనివారం పొద్దున్నే దింపాడు. అతను స్కూలు బస్సుల షెడ్డులో మెకానిక్కు. యాభై దాటాయి. ఆ రోజు ఊరి గాలాల క్లబ్బు పోటీ. అందులో ఏటా దిగుతాడు, ఏటా పేరు అట్టడుగున ఉంటుంది. కిందటేడు తూకం దగ్గర ఖాళీ సంచితో నిలబడితే, క్లబ్బు పెద్ద హేగుడ్ మైకు పట్టుకుని, "మన వెండెల్ చేపలు పట్టడు బాబూ, వాటికి మేత పెట్టి వస్తాడు!" అన్నాడు. అందరూ నవ్వారు. వెండెల్ కూడా నవ్వాడు. ఇంటికెళ్లాక మాత్రం భార్య కార్లీన్ పెట్టిన అన్నం ముట్టలేదు.

అతనికి గాలం నేర్పింది క్లోవిస్ పెటస్. క్లబ్బు మొదలుపెట్టిన నలుగురిలో ఆయన ఒకడు. గుండె ఆపరేషను తర్వాత పోటీలు మానేసి, భార్య ఒనీడాతో కలిసి పాత ఆకుపచ్చ రేకుపడవలో సరదాకి తిరుగుతుండేవాడు. ఆయనకి చేపల గురించి తప్ప మరో మాట రాదు. భోజనాల వేళ ఫోన్ చేసి, "ఏరా, నీళ్లు చల్లబడ్డాయి చూశావా? ఇక లోతులో వెతక్కు, వాగుల చివరికి పో" అనేవాడు. కార్లీన్ నవ్వుతూ, "నీ రెండో పెళ్లాం ఫోను" అని అందించేది.

ఆ పొద్దున వెండెల్ ఆయన మాట వినలేదు. అలవాటైన లోతు గట్ల మీదే మధ్యాహ్నం దాకా తిరిగాడు. పక్క పడవల వాళ్లు అరిచి అడుగుతున్నారు.

"ఏం వెండెల్, మేత అయిపోయిందా?"

"ఇంకా ఉందిలే, నీకూ కాస్త పెట్టనా?" అని అరిచాడు. విసిగిపోయి పడవను గూస్ వాగులోకి తిప్పాడు.

వాగు చివర నీళ్లు మసకగా ఉన్నాయి. ఎండిన మోడుల మధ్య ఓ కొంగ మెడ చాచి నిలబడి ఉంది. దాని ముందు నీళ్లమీద చిన్న చిన్న చుక్కలు, వాన మొదలైనట్టు. వాన కాదు, షాడ్. వెండెల్ ఊపిరి బిగబట్టి చప్పుడు లేని చిన్న మోటారు మీద పడవను మెల్లగా జరిపాడు. అంతలో నీళ్లు భళ్లున విరిగాయి. ఒకటి కాదు, పది చోట్ల. బాస్‌లు షాడ్‌ని పైకి తరిమి మింగుతున్నాయి. వేసిన మొదటి గాలానికే కర్ర విల్లులా వంగింది. మంచి చేప. రెండోదీ మంచిదే. వాటిని పడవలోని నీళ్లతొట్టిలో వేశాడు.

తల ఎత్తినప్పుడు కనిపించింది. వాగుకి అవతల, నీళ్లలోకి పొడుచుకొచ్చిన ఎర్రమట్టి కొమ్ము మీద ఎవరో నిలబడి నారింజరంగు లైఫ్ జాకెట్ ఊపుతున్నారు. పక్కన ఒడ్డుకి చేరేసిన ఆకుపచ్చ రేకుపడవ. ఆ పడవ అతనికి బాగా తెలుసు. ఊపుతున్నది ఒనీడా. అరుస్తున్నట్టుంది గానీ అంత దూరం మాట అందడం లేదు. ఆ వాగులో ఫోన్లు పనిచెయ్యవు.

వెండెల్ కూర్చుని పెద్ద మోటారు తాళం మీద చెయ్యి వేశాడు. వెళ్దామనే అనుకున్నాడు, అది నిజం. సరిగ్గా అప్పుడే పడవ పక్కన నీళ్లు మళ్లీ విరిగాయి, ఇందాకటికంటే పెద్దగా. పెద్ద మోటారు మోగితే ఆ గుంపు మళ్లీ పైకి రాదు. 'ఆ పాత మోటారు మొరాయించి ఉంటుంది' అనుకున్నాడు. 'క్లోవిస్ బాగుచేసుకుంటాడు. చేసుకోలేకపోయినా కాసేపట్లో నేనే వెళ్లి లాక్కొస్తాను. ఎక్కడికి పోతారు?'

తాళం వదిలేశాడు. వాళ్లు తనని చూశారని తెలుసు కాబట్టి, నిలబడి చెయ్యి పైకెత్తి ఊపాడు, దారిలో కనబడ్డవాళ్లని పలకరించినట్టు. తర్వాత వాళ్లకి వీపు తిప్పి గాలం విసిరాడు.

పోటీలో లెక్కకొచ్చే అయిదు చేపలూ నిండాయి. చిన్నవి తీసి పెద్దవి వేసుకున్నాడు. గుంపు అణిగిపోయాక వెనక్కి చూస్తే కొమ్ము మీద ఎవరూ లేరు. వెడల్పాటి షికారు పడవ ఒకటి రేకుపడవను తాడుకట్టి లాక్కుంటూ వాగు మలుపు తిరుగుతోంది. 'చూశావా, ఏమీ కాలేదు' అనుకున్నాడు. గుండె మీంచి బరువు దిగినట్టయింది.

తూకం దగ్గర ముల్లు ఆగిన చోటు చూసి హేగుడ్ ఈల వేశాడు. "మేత పెట్టి పెట్టి వీడు చేపల్ని మేపాడ్రా!" వెండెల్‌దే మొదటి బహుమతి. చేతిలో కప్పు పెట్టారు. కార్లీన్ పక్కన నిలబడి అందరి చేతా ఫోటోలు తీయించింది. ఆమెని అంత సంతోషంగా చూసి చాలా కాలమైంది.

అంతలో ఎవరో వచ్చి హేగుడ్ చెవిలో ఏదో చెప్పారు. ఆయన మొహం మారింది. మైకు తీసుకుని, "అందరూ టోపీలు తియ్యండి. మన క్లోవిస్‌కి పడవలో పక్షవాతం వచ్చిందట. ఆస్పత్రిలో ఉన్నాడు. ప్రార్థన చేద్దాం" అన్నాడు.

వెండెల్ కప్పు చంకలో పెట్టుకుని టోపీ తీశాడు. ప్రార్థన అయ్యాక హేగుడ్ దగ్గరికొచ్చాడు. "గూస్ వాగులోనట. నువ్వూ అటే పోయావని ఎవరో అన్నారు. వాళ్లు కనబడలేదా?"

"లేదు," అన్నాడు వెండెల్.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. కార్లీన్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది, పాపం, గురువుకి అలా అయిందని బాధపడుతున్నాడనుకుని.

మర్నాడు చర్చి అయ్యాక ఆస్పత్రికి ఒక్కడే వెళ్లాడు. ఒనీడా గది బయట కుర్చీలో కూర్చుని ఉంది. బట్టలకి ఇంకా ఎర్రమట్టి ఉంది.

"ఒనీడా గారూ, మోటారు ఆగిపోయిందేమో అనుకున్నానండీ..."

"చెయ్యి ఊపావు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "మా మోటారు నా చేతుల్లో స్టార్టవలేదు. నిన్ను చూసి పడవలోకి దిగి ఆయనకి చెప్పాను, వెండెల్ చూశాడు, చెయ్యెత్తాడు అని. అప్పటికింకా మాట స్పష్టంగానే ఉంది. 'వెండెల్ వస్తాడు. నువ్వు కూర్చో, పడవ ఊగుతోంది' అన్నాడు. ఆ తర్వాత మాట ముద్దైపోయింది."

వెండెల్ టోపీ తీశాడు.

"ఇంకాస్త ముందు తెస్తే కుడి చెయ్యి దక్కేదేమో అంటున్నారు. దక్కేదో లేదో నాకు తెలీదు. లోపలికి వెళ్లు. నీ గురించే అడుగుతున్నాడు. నీ మోటారు కూడా పాడైందని, అందుకే రాలేకపోయావని చెప్పాను."

"ఎందుకండీ అలా..."

"నీ కోసం కాదు. ఆయన ఉన్న స్థితిలో అది వినకూడదని."

లోపల క్లోవిస్ మూతి ఒక పక్కకి జారి ఉంది. వెండెల్‌ని చూడగానే ఎడమచెయ్యి కదిపాడు. ఒక్కో మాటనీ వెతుక్కుంటున్నాడు.

"మో... టారు... బాగైందా?"

వెండెల్ నోరు తెరిచాడు. తలుపు దగ్గర ఒనీడా నిలబడి ఉంది.

"బాగైంది మిస్టర్ క్లోవిస్."

"పెట్రోలు... గొట్టం... చూసుకో. చీలి... ఉంటుంది."

"చూసుకుంటానండీ."

ఆయన తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. వెండెల్ బయటికొచ్చి ట్రక్కులో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేకపోయాడు.

ఆ గురువారం క్లబ్బులో వేయించిన చేపల విందు. వెండెల్ కప్పు తీసుకెళ్లి హేగుడ్ ముందు బల్లమీద పెట్టి, లేచి నిలబడి చెప్పేశాడు. చూశానని, చెయ్యి ఊపానని, చూడలేదని అబద్ధమాడానని. కార్లీన్ తన పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఎవరికి తెలుస్తుంది వెండెల్, అంత ఘోరమని?" అన్నాడొకడు చివరికి. ఇంకొకడు, "నేనైనా అంతే చేసేవాణ్ణేమో" అన్నాడు గానీ అతని వైపు చూడలేదు. హేగుడ్ కప్పుని ముట్టుకోలేదు. అది విందు అయ్యేదాకా ఉప్పు సీసా పక్కన అలాగే ఉంది.

ఇంటికెళ్తుంటే కార్లీన్ అంది, "ముందు నాకు చెప్పాల్సింది. పళ్లికిలించుకుని నీ పక్కన ఫోటోలు దిగాను."

వెండెల్‌కి ఆ రాత్రి బాగానే నిద్ర పట్టింది. మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో ఉండగా ఒనీడా ఫోన్ చేసింది.

"నువ్వు తేలికపడ్డావు కదా? క్లబ్బు నుంచి ఎవడో ఓదార్చడానికొచ్చి ఆయనకి మొత్తం చెప్పేశాడు. పొద్దుట్నుంచి మొహం గోడకి తిప్పి పడుకున్నాడు. నీ ఒంటిమీద మురికి తెచ్చి ఆయన పక్కమీద దులిపావు వెండెల్."

అతను పని మానేసి ఆస్పత్రికి పరిగెత్తాడు. క్లోవిస్ ఇటు తిరగడానికి చాలాసేపు పట్టింది.

"గుంపు... పైకొచ్చిందా?"

"వచ్చిందండీ."

"అయిదూ?"

"అయిదూ."

"పెద్దవా?"

వెండెల్ ఏడుపు ఆపుకోలేకపోయాడు. "పెద్దవే మిస్టర్ క్లోవిస్."

ముసలాయన తల ఆడించాడు. కోపం లేదు. అన్నీ అర్థమైపోయినవాడి మొహంలా ఉంది, అదే భరించలేనిది. "ఇక... వెళ్లరా" అన్నాడు.

శీతాకాలంలో క్లబ్బువాళ్లు ఆయన ఇంటిమెట్ల మీద చక్రాలకుర్చీ కోసం వాలుబాట కట్టారు. వెండెల్ ఎవరూ పిలవకుండానే రంపం తీసుకుని వెళ్లాడు. ఒనీడా అందరికీ కాఫీ తెచ్చింది. అతనికీ ఇచ్చింది, కప్పు చేతికివ్వకుండా చెక్కపలక మీద పెట్టి. వారం వారం వ్యాయామం చేయించే చోటికి ఆయన్ని తీసుకెళ్లే మనిషి కావాలని ఆమె అంటుంటే విని, నేను తీసుకెళ్తానన్నాడు. ఆమె ఒప్పుకోవడానికి నెల పట్టింది.

ఇప్పుడు ప్రతి మంగళవారం క్లోవిస్ అతని ట్రక్కులో పక్కన కూర్చుంటాడు. మాట కొంత తిరిగొచ్చింది. వాన గురించి, రోడ్డు గుంటల గురించి, మందులు చేదుగా ఉంటాయని మాట్లాడతాడు. చేపల గురించి ఒక్క మాట ఉండదు. వసంతం రాగానే ఓ రోజు వంతెన మీద వెళ్తుంటే కింద రిజర్వాయరంతా పడవలు. వెండెల్ ఉండబట్టలేక, "నీళ్లు వెచ్చబడ్డట్టున్నాయండీ" అన్నాడు.

క్లోవిస్ మొహం పక్క కిటికీ వైపు తిప్పుకుని, "బ్రెడ్డు అయిపోయిందంది ఒనీడా. దుకాణం దగ్గర ఆపు" అన్నాడు.

వెండెల్ ఆపాడు. ఆ పై మంగళవారం నుంచి వంతెన వదిలి చుట్టుదారిన, పొలాల మీదుగా తీసుకెళ్తున్నాడు.