ఎరుపు తప్పిన బంగారు నీళ్ళు

నేను ఒక చిన్న గాజుసీసాలో ఉన్న బంగారు నీళ్ళను. పచ్చగా లేనే అని అప్పుడే అనుమానపడుతున్నారు కదూ? మీ మీద నాకూ అంతే నమ్మకం. నాలోని బంగారు రేణువులు కంటికి ఆననంత సన్నవి. దూరదూరంగా తేలుతూ వెలుగులోని ఆకుపచ్చను మింగి ఎరుపును వదిలేస్తాయి. అందుకే దానిమ్మ రసంలా ఉండేదాన్ని.

నన్ను చేసింది వరంగల్‌లో ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేసే రజిత. మరిగే నీళ్ళలో బంగారు లవణం, ఆ తర్వాత నిమ్మ ఉప్పులాంటి సిట్రేటు వేసి, నేను నల్లబడి ఎర్రబడేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది. ఆమెను తప్ప అందరినీ అనుమానించాను. ముఖ్యంగా అటెండర్ ఐలయ్యను. రోజూ నన్ను చేతిలోకి తీసుకుని, పక్కనుంచి ఫోను లైటు వేసి గొణిగేవాడు: “బంగారమైతే పచ్చగుండాలె గదా. ఎర్రగెట్లున్నవే నువ్వు?” ఏ కంసాలికి అమ్ముదామా అని చూస్తున్నాడనుకున్నాను.

ఒక సాయంత్రం రజిత, కాంతిని కొలిచే యంత్రానికి నేను మరీ చిక్కగా ఉన్నానని, పక్కనున్న నీళ్ళ సీసాలోంచి సగానికి సగం నీళ్ళు కలిపి నా మూత బిగించి బస్సుకు పరుగెత్తింది. గది తాళం వేయడానికొచ్చిన ఐలయ్య నన్ను ఎప్పటిలాగే ఎత్తి చూశాడు. సరిగ్గా అప్పుడే లోపల ఇరుకు మొదలైంది. రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులు కట్టాయి. తెల్లారేసరికి నీలంగా ఉన్నాను. ఇంకెవరి పని?

రజిత కూడా అదే అంది. “ఐలన్నా, దీంట్ల ఏం కలిపినవ్?”

“ముట్టిన బిడ్డా. దినాం ముడ్త. మూతైతే తియ్యలే.”

ముట్టానన్న మాట ఒక్కటే, అప్పుడే గదిలోకొచ్చిన ఆమె ప్రొఫెసరు చెవిన పడింది. బంగారం తీసుకుని రంగునీళ్ళు పోశాడన్నారు. పదహారేళ్ళు ఆ గదులు ఊడ్చిన మనిషిని రేపటినుంచి రావద్దన్నారు. నేను సంతోషించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నిజంగానే సంతోషించాను.

మర్నాడు రజిత మళ్ళీ ఎర్రటి బంగారు నీళ్ళు తయారుచేసింది. కొంచెం గాజుగొట్టంలోకి తీసుకుని నాలో కలిపిన ఆ నీళ్ళ సీసాలోవే కలిపి చూసింది. చూస్తుండగానే నీలమైపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. స్వేదనజలం యంత్రం చెడిపోయిందని, మొన్న ఆ సీసా వరండాలోని కూలర్ దగ్గర నింపుకుంది. తాగే నీళ్ళే కదా అనుకుంది. ఆ బోరు నీళ్ళలోని లవణాలు మీ కడుపుకేమీ చేయవు, నాకే విషం.

ఆమె ఆ సంగతి దాచేస్తుందని అనుమానించాను. దాచలేదు. ఆ గొట్టం పట్టుకుని నేరుగా ప్రొఫెసరు గదికి వెళ్ళి, తప్పు తనదేనంది.

ఐలయ్య తిరిగొచ్చాడు. నా ముందు ఆగి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దూరం నుంచే చూసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు రోజూ అంతే. ఆ క్షణాన సిగ్గుతో ఎర్రబడాలనిపిస్తుంది. కానీ ఒకసారి గుంపు కట్టిన రేణువులు మళ్ళీ విడిపోవు.