జవాబివ్వని డెల్‌కు బూటు

డెల్ హ్రుష్కా జట్టు ఒక్క ఏడాదిలో పదో స్థానం నుంచి మూడో స్థానానికి వచ్చింది. లీగ్‌లో ఉన్నవే పది జట్లు. ఎలా వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు.

మాది ఫాంటసీ బేస్‌బాల్ లీగ్. మార్చిలో అందరం ఒకచోట కూర్చుని బంతి విసిరే పిచర్ దగ్గర్నుంచి షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్‌మన్ లాంటి ఫీల్డర్ల దాకా అసలు ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాం. వాళ్లు మైదానంలో ఆడినదాన్నిబట్టి మాకు పాయింట్లు వస్తాయి. సెప్టెంబర్ దాకా ప్రతి వారం ఎవరిని ఆడించాలి, ఎవరిని పక్కన పెట్టాలి, ఎవరితో ఎవరిని మార్చుకోవాలి అన్నది మా ఇష్టం. అంతా ఇంటర్నెట్‌లోనే నడుస్తుంది. నిర్వాహకుణ్ణి నేను.

సీజన్ అయ్యాక అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున సీడర్ రాపిడ్స్ ఊళ్లో ఒక డైనర్ హోటల్ వెనక గదిలో కలుస్తాం. బాగా మెరుగుపడ్డ జట్టుకు ఆ రోజు బూటు ఇస్తాం. ఎడమ కాలి బేస్‌బాల్ బూటు, బంగారు రంగు పూసినది. కుడికాలిది లేదు. ఛాంపియన్‌కు ఇచ్చే కప్పును ఎవరూ అడగరు. బూటు కోసం కొట్టుకుంటారు. ఇచ్చేముందు గెలిచినవాణ్ణి నిలదీయడం ఆనవాయితీ. జట్టు ఎలా బాగుపడిందో అతను అందరికీ చెప్పాలి. మిగతా తొమ్మిదిమందికీ ఏదో ఒక ఏడు బూటు దక్కింది. డెల్‌కు దక్కలేదు.

ఈసారి అతను వచ్చి గసగసాలు పెట్టిన కొలాచీ బన్ను ఒకటి ప్లేటులో పెట్టుకుని కూర్చున్నాడు. కొరకలేదు.

ట్రాక్టర్ టైర్లు అమ్మే నార్బర్ట్ మొదలుపెట్టాడు.

"ఒరేయ్ డెల్, మేలో నీకు బేరం పంపానా లేదా?"

"పంపావు."

"ఫోన్‌లో మెసేజ్ కూడా పెట్టాను. నా మంచి పిచర్‌ని తీసుకో, నీ షార్ట్‌స్టాప్‌ని ఇవ్వు అని. ఉలకలేదు, పలకలేదు. బెట్టు చేస్తున్నాడులే అని ఇంకొకణ్ణి కలిపాను. మళ్లీ అంతే. మరొకణ్ణి కలిపాను. పెళ్లి చేసుకోమని నాన్సీని కూడా అంత బతిమాలలేదురా నేను!"

"నాన్సీ జవాబు చెప్పింది కదా, అది ఆమె తప్పు" అన్నారు ఎవరో.

డెల్ నవ్వలేదు. ఆ వేసవిలో అతను ఎవరి బేరానికీ జవాబివ్వలేదు. వెనక ఎవరో ఉండి ఆడిస్తున్నారని సగం మంది అనుకున్నారు. అతని బావమరిది షికాగోలో లెక్కల ప్రొఫెసర్ అని ఒకరు కనిపెట్టారు. మార్చి తర్వాత డెల్ జట్టులో ఒక్క మార్పూ లేదని నాకు తెరమీద కనిపిస్తూనే ఉంది. నేను దాన్ని గుండెధైర్యం అనుకున్నాను.

తర్వాత వంతు మార్లా కోపెట్స్కీది. ఆమె ఒక బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలిస్తుంది. లీగ్‌లో చోటు కోసం ఎదురుచూస్తున్నవాళ్లలో మొదటివాడు ఆమె అల్లుడు. జట్టును నెలరోజులు గాలికొదిలేసినవాడి చోటు పోతుందని మాకొక నియమం ఉంది. ఆమె ప్రశ్నలు ఎటు దారితీస్తాయో గదిలో అందరికీ తెలుసు.

"జూలైలో నీ థర్డ్ బేస్‌మన్ మణికట్టు విరిగింది డెల్. వాడు కట్టుతో ఇంట్లో కూర్చుంటే నువ్వు ఆరు వారాలు ఆడించావు. ఎందుకు?"

"నమ్మకం."

"దేనిమీద, విరిగిన ఎముకమీదా?"

నార్బర్ట్ బల్లమీద చరిచాడు. మార్లా ఆగలేదు.

"నువ్వు జట్టును ముట్టుకోలేదా? ముట్టుకోలేకపోయావా?"

డెల్ ప్లేటును పక్కకు జరిపాడు.

"పాస్‌వర్డ్ మర్చిపోయాను."

అందరూ నావైపు తిరిగారు.

"కొత్తది తెప్పించుకోవాలి కదా?" అన్నాను.

"అది పాత ఆఫీసు మెయిల్‌కి పోతుంది. ఆ ఆఫీసే మూసేశారు."

"నన్ను అడగాల్సింది."

"పోయినేడు రెండుసార్లు అడిగాను. మూడోసారి అడిగితే నుదుటిమీద పచ్చబొట్టు పొడిపిస్తానన్నాడు నార్బర్ట్. అందరూ ఉన్నారప్పుడు. పైగా చివరి స్థానంలో ఉన్నాను."

"అయితే వదిలేసినట్టే. నియమం నియమమే" అంది మార్లా.

"వదిలెయ్యలేదు మార్లా." డెల్ గొంతు మొదటిసారి పెరిగింది. "పాయింట్ల పట్టిక ఎవరికైనా కనిపిస్తుంది కదా. రోజూ పొద్దున లేవగానే అదే చూసేవాణ్ణి. మణికట్టు విరిగిన రోజు తిండి సయించలేదు. ఇంట్లో పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి, కిటికీలోంచి కనిపిస్తున్నాయి, తాళంచెవి లేదు. అలా ఉండింది నాకు. ఈ చోటు తీసెయ్యకండి. బూటు ఇవ్వకపోయినా సరే."

మార్లా కుర్చీ అతనివైపు జరుపుకుంది.

"తాళంచెవి ఉంటే ఏం చేసేవాడివి?"

"మేలోనే నార్బర్ట్ బేరం ఒప్పుకునేవాణ్ణి. మొదటిసారి అడిగినప్పుడే."

నార్బర్ట్ పిచర్ జూన్‌లో మోచేతికి ఆపరేషన్ చేయించుకుని మళ్లీ ఆడలేదు. బేరంలో కలిపిన మిగతా ఇద్దరినీ వాళ్ల జట్లు కింది స్థాయి లీగ్‌కు పంపేశాయి. ఆ బేరం కుదిరుంటే డెల్ మళ్లీ అడుగునే ఉండేవాడని అందరికీ ఒకేసారి తట్టింది.

"అంటే వీడికి మతిమరుపు లేకపోతే నేను బాగుపడేవాణ్ణి" అన్నాడు నార్బర్ట్. "నేను వీడిమీద కేసు వెయ్యొచ్చా మార్లా?"

"బీమాలో ఒకటి నేర్చుకున్నాను" అంది మార్లా. "అబద్ధం చెప్పేవాడు ఇంతకన్నా పరువైన కథ చెప్తాడు."

చేతులెత్తమన్నాను. డెల్ చోటు ఉంచాలని ఎనిమిది చేతులు లేచాయి. చివరికి మార్లా కూడా ఎత్తింది, ఒక షరతు పెట్టి. కొత్త పాస్‌వర్డ్‌ను బూటు లోపల రాయాలి. ఇంట్లో బూటు ఉన్నన్నాళ్లూ అది ఉంటుంది. వచ్చే ఏడు ఒక్క నెల జట్టును ముట్టుకోకపోయినా చోటు ఆమె అల్లుడికి పోతుంది.

"ఇక మర్చిపోయానంటే కుదరదు" అంది.

నేను అక్కడే పాస్‌వర్డ్ మార్చి, బూటు లేసుల కిందుండే నాలుకపట్టీ లోపల మార్కర్‌తో రాశాను. డెల్ రెండు చేతులతో అందుకున్నాడు. ఫొటో తీశాం. నార్బర్ట్ అతని వీపు చరుస్తూ వచ్చే ఏటి బేరం అప్పుడే మొదలుపెట్టాడు. డెల్ జవాబు చెప్పలేదు.

అందరూ వెళ్లాక నేను కోటు తొడుక్కుంటూ చూస్తే బూటు అతను కూర్చున్న కుర్చీమీదే ఉంది. కిటికీ బయట డెల్ పికప్ ట్రక్కు అప్పటికే రోడ్డెక్కింది.

చేతి తొడుగులు మర్చిపోయి మార్లా వెనక్కి వచ్చింది. కుర్చీవైపు చూసింది, నావైపు చూసింది.

"ఇన్నేళ్లు దీనికోసమే పడిగాపులు పడ్డాడు" అన్నాను. "కంగారులో మర్చిపోయి ఉంటాడు."

"తాళంచెవి లేనప్పుడే మూడో స్థానానికి వచ్చాడు" అంది ఆమె. "ఆ సంగతి మనకన్నా ముందు వాడికి తెలుసు."

"ఫోన్ చేస్తాను ఉండు."

"వద్దు." బూటు తీసి చంకలో పెట్టుకుంది. "నేనే ఇంటికెళ్లి ఇస్తాను. తలుపు తీసి దీన్ని చూసినప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో చూడాలి."