నూనె పళ్ళెంలో సూర్యుడు

గృహప్రవేశం పూజ అయ్యేదాకా గుడ్డ కప్పి ఉంచిన దీపాన్ని ఇంటీరియర్ డిజైనర్ లోహిత్ గర్వంగా వెలిగించాడు. ఇత్తడి చట్రం మధ్యలో పచ్చటి బల్బు. చట్రం అంచున చెక్కిన అంకెలు చూడగానే కిరణ్మయి గుర్తుపట్టింది. చిన్నప్పుడు ఆమె వేలితో తడుముకుంటూ చదువుకున్న అంకెలవి.

అది ఆమె తండ్రి యజ్ఞనారాయణ సెక్స్‌టెంట్. విశాఖ నుంచి సరుకు ఓడల మీద తిరిగినన్నాళ్ళూ ఆయన దానితోనే సూర్యుడి ఎత్తు కొలిచి, ఓడ ఎక్కడుందో లెక్కగట్టేవాడు. పోయేముందు కూతురికిచ్చాడు. మణికొండ అద్దె ఇంట్లో సూర్యుడు కనిపించే కిటికీయే లేదు కనుక అటకెక్కింది. కోకాపేటలో ఈ ఫ్లాటుకు దక్షిణం వైపు బాల్కనీ ఉందనగానే ఆమె మారుమాట లేకుండా సరేనంది. తొమ్మిదో తరగతి చదివే కూతురు దేవిశ్రీకి మాట కూడా ఇచ్చింది, కొత్తింట్లో మొదటిరోజు మధ్యాహ్నమే కొలుద్దామని. సముద్రం కనిపించని చోట పళ్ళెంలో నూనె పోసుకోమనేవాడు తండ్రి. పైనున్న సూర్యుడికీ నూనెలోని సూర్యుడికీ మధ్య కోణం తీసి సగం చేస్తే చాలు. పిల్ల అప్పటికే బాల్కనీలో నువ్వులనూనె పోసుకుని కూర్చుంది.

సూర్యుణ్ణి చూపించే దాని రెండద్దాలూ ఏవని కిరణ్మయి లోహిత్‌ను అడిగింది. మచ్చలు పడ్డాయనీ, బల్బుకు అడ్డమనీ పీకించేశానన్నాడు. సర్‌ప్రైజుగా ఉండాలని సారే అటక మీంచి దించి ఇచ్చారట.

ఆ సారు, ఆమె భర్త పార్థసారథి, అప్పుడే తన ఆఫీసు పెద్ద మేనేజరును వెంటబెట్టుకుని వచ్చాడు. మేనేజరు దీపం చుట్టూ తిరిగి మెచ్చుకుని, ఎక్కడ దొరికిందని అడిగాడు.

"ముంబైలో, పాత సామాన్ల బజారులో సార్. ఎవరో ఇంగ్లీషు కెప్టెనుదట."

కిరణ్మయికి అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా వెళ్ళి ప్లగ్గు పీకింది.

"ఇది మా నాన్నగారిదండి," అంది మేనేజరుతో. "ఆయన పేరు యజ్ఞనారాయణ. బజారులో దొరకలేదు."

మేనేజరు ఫోను చూసుకోసాగాడు. పార్థసారథి నవ్వబోయి, నవ్వు సగంలో మింగాడు. "ఇన్నేళ్ళూ అటక మీదే పడుంది కదా కిరణ్. ఇప్పటికైనా ఏదో ఉపయోగం..."

"దాని ఉపయోగం దానికుంది. మీరు కళ్ళు పీకి బల్బు పెట్టారు."

తీసిన అద్దాలు చెత్త సంచుల్లో పోయాయనీ, సంచులింకా సెల్లారులోనే ఉన్నాయనీ లోహిత్ నీళ్ళు నములుతూ చెప్పాడు. ఆమె సెక్స్‌టెంట్‌ను చంకన పెట్టుకుని లిఫ్టెక్కింది.

సెల్లారులో ఊడుస్తున్న సీతాబాయి, కిరణ్మయి ఓ చెత్త సంచి మూతి విప్పడం చూసి చీపురు పక్కన పెట్టింది. "పట్టుచీర కట్టుకొని గీ మట్టిల చెయ్యి పెడతవేందమ్మా? జర ఆగు, నేను తీస్త."

"నువ్వొద్దమ్మా. పారేసినవాళ్ళు వస్తున్నారు."

వచ్చారు. లోహిత్ లిఫ్టు దగ్గరే ఆగిపోయాడు. పార్థసారథి దగ్గరికొచ్చి పళ్ళ బిగువున అన్నాడు, "పైన సార్ భోజనానికి కూర్చోవాలి. అందరూ ఏమనుకుంటారు?"

ఆమె ఓ సంచిని కాలితో అతని వైపు నెట్టింది. "వెతకండి."

అతను సీతాబాయిని చూశాడు, పైకప్పును చూశాడు, చివరికి పట్టుపంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చున్నాడు. లోహిత్ కూడా వచ్చి ఇంకో సంచి విప్పాడు. ప్లైవుడ్ ముక్కలు, జిగురు డబ్బాలు, సిమెంటు పెళ్ళలు. రెండద్దాల్లో ఒకటి కిరణ్మయికే దొరికింది, మూల పగిలి. కొంగుతో తుడిచి రొంటిన దోపుకుంది.

"ఇదేనా?" భర్త చెయ్యెత్తాడు. బాత్రూము పలక ముక్క.

"కాదు."

అతను మళ్ళీ సంచిలోకి చెయ్యి పెట్టాడు. ఫోను మోగింది. దేవిశ్రీ. సూర్యుడు పళ్ళెం అంచుకు వచ్చేశాడంటోంది.

"పళ్ళెం కదపకు," అంది కిరణ్మయి, భర్త మీంచి చూపు తిప్పకుండా. "ఇవాళ కాకపోతే రేపు కొలుద్దాం. మీ నాన్న వెతుకుతున్నారు."